సారె, పలక

ఆ కట్టెను ఇంకొంచెం లోపలికి తొయ్ అప్పా, చలి ఎక్కువాయె. తొరపల్లి పెద్దాయన రాజాజీ సంగతి అడిగితిరి కదా, చెప్తా వినండి. ఆయన పేరెత్తితే మనింట్లో ఒకరు చేతులెత్తి మొక్కుతా ఉండ్రి, ఒకరు మొగం తిప్పుకొంటా ఉండ్రి. మొక్కింది మా అవ్వ. మొగం తిప్పుకొనింది మా నాయన.

మనది కుమ్మరిల్లు. మా తాత కాలంలో ఆవంలో కాలేవాటిలో సగం కల్లు ముంతలే. 1937 అక్టోబరు 1న రాజాజీ సర్కారు సేలం జిల్లాలో కల్లు, సారాయి నిలిపేసె. హోసూరు, క్రిష్ణగిరి అప్పుడు సేలం జిల్లాలోనే ఉండె. మదరాసు రాజధాని మొత్తంలో మొదలుపెట్టింది మన జిల్లాలోనే. ముంతలు అడిగే నాథుడు లేక తాత తల పట్టుకొని కూర్చుంటే, అవ్వ గుడికి పొయ్యి టెంకాయ కొట్టి వచ్చెనంట. ముంతలు అమ్మిన దుడ్డు ఇల్లు చేరకముందే మళ్లా ముంతలోకే పోతా ఉండె కదా! ఆ ఏడు అవ్వ ఒక కోక కొనుక్కొనె. ఆ కోక రంగు చచ్చేదాకా చెప్తానే ఉండె, వంకాయ రంగు.

సర్కారుకి రాబడి పోతే బండి ఎట్ల నడుస్తుందని పెద్ద రగడ అయ్యె. ఆ లోటు పూడ్చేకి 1939లో అంగడి అమ్మకాల మీద పన్ను తెచ్చిరి. అంగళ్లోళ్లు తిట్టిరి. అవ్వ మటుకు, ఉప్పుకి ఒక కాసు ఎక్కువిస్తా, నా మొగుడు నిలబడి ఇంటికొస్తే చాలు అనె.

ఇంక రెండోది, నాయన మొగం తిప్పుకొనిన సంగతి. అది నేను కండ్లారా చూసింది.

1953లో నాకు పదేండ్లు. మాది తెలుగు బడి, ఒకే అయ్యోరు. రాజాజీ మళ్లా ముఖ్యమంత్రిగా ఉండె. అప్పట్లో బడి మొగం చూడని పిల్లోల్లు శానా మంది. కొత్త బడులు కట్టేకి, అయ్యోర్లను పెట్టేకి సర్కారు దగ్గర దుడ్డు లేదు. అందుకని పల్లె బడుల్లో రోజుకి 5 గంటల చదువును 3 గంటలు చేసిరి. ఒకే అయ్యోరు పొద్దున ఒక గుంపుకి, మద్యాన్నం ఇంకో గుంపుకి చెప్పాల. మిగిలిన పొద్దు పిల్లోడు ఇంట్లో తండ్రి పని నేర్చుకోవాల.

ఊళ్లో రచ్చకట్ట కాడ రాత్రిళ్లు ఇదే మాట. మంచిదే కదా, పిల్లోడు పని మరిచిపోడు, కూడూ దొరుకుతుంది అని కొందరు అనిరి. అట్ల అన్నోళ్లను నేను చెడ్డోళ్లని అనను. ఆకలి తెలిసినోళ్లు వాళ్లు. మా నాయన ఎప్పుడూ నలుగురిలో నోరెత్తడు. ఆ రాత్రి లేచి నిలబడె.

"సారె తిప్పేది నా కొడుక్కి నేర్పేకి సర్కారు చెప్పాల్నా? అది నాకొచ్చు. నాకు రానిది అక్షరం. అది నేర్పమనే కదా బడికి పంపిస్తా ఉండాను. తొరపల్లి మునసబు కొడుకు మునసబుగానే నిలిచిపోయెనా? హోసూరు బడిలో చదివి, బెంగుళూరుకి పొయ్యి, వకీలై, దేశానికే గవర్నర్ జనరల్ అయ్యె. నా కొడుకు కుండల కాడే ఉండిపోవాల్నా?"

ఎవురూ మాట్లాడలేదు. సేలం లాంటి పట్నాల్లో బడి ఎప్పట్లానే పొద్దంతా నడుస్తా ఉండె, పల్లెల్లో మాత్రమే సగమాయె. అదీ మా నాయన్ని కాల్చిన సంగతి.

మదరాసులో పెరియారు, ద్రవిడ కజగంవాళ్లు దాన్ని కులం చదువని పేరుపెట్టి వీధికెక్కిరి. శాసనసభలో దాని మీద ఓట్లు వేస్తే 138కి 138 వచ్చెనని అయ్యోరు పేపరు చూసి చెప్పె. కాంగ్రెస్‌లోనే చీలిక వచ్చె. 1954లో రాజాజీ దిగిపోతే, ఏప్రిల్‌లో కామరాజు ఎక్కె. చిన్నప్పుడే బడి మానుకోవాల్సి వచ్చిన మనిషి ఆయన. మేలోనే ఆ పద్ధతి ఎత్తేసిరి. ఇంకో రెండేండ్లకి బడిలో మద్యాన్నం కూడు కూడా పెట్టిరి.

రాజాజీని నేను తక్కువ చేసి చెప్పడం లేదు. 1971లో సారాయి అంగళ్లు మళ్లా తెరుస్తారంటే, తొంభై దాటిన మనిషి కరుణానిధి ఇంటికి తానే పొయ్యి వద్దని అడుక్కొనె. ఆ మాట విని నేను ఏడిస్తిని. అవ్వ అప్పటికి లేదు.

బడి మళ్లా పొద్దంతా నడిచిన మొదటి దినం, నేను మద్యాన్నం అలవాటుగా ఇంటికి వచ్చి సారె ముందర కూర్చుంటిని. నాయన తడి చేత్తోనే నా భుజం పట్టుకొని లేపి, బడి వాకిలి దాకా తోలుకొనిపొయ్యె. అయిదు వేళ్ల మట్టి గుర్తు సాయంత్రం దాకా నా చొక్కా మీద ఎండిపొయ్యి ఉండె.