ఆరడుగుల రఫ్ కాపీ

బొమ్మ మొదలుపెట్టి మధ్యలో వదిలేసినవాళ్ళు మీలో ఎంతమంది? నేనైతే చాలాసార్లు వదిలేశాను. చెట్టు వేద్దామని కూర్చుని, మొదటే ఆకులు గీసేవాణ్ణి. గంట తర్వాత చూస్తే ఆకులు బాగానే ఉండేవి, చెట్టే ఉండేది కాదు! తప్పు ఎక్కడుందో 200 ఏళ్ళ కిందటి ఓ ఇంగ్లీషు పెయింటర్ని చూశాక అర్థమైంది. ఆయనే జాన్ కాన్‌స్టబుల్.

1776లో సఫోక్ ప్రాంతంలో పుట్టాడు. వాళ్ళ నాన్నకి స్టూర్ నది మీద పిండిమర ఉండేది. ఆ మర దగ్గరి నీళ్ళు, పక్కనే ఓ రైతు ఇల్లు, నీళ్ళలో ఆగిన గడ్డిబండి... ఇదే ఆయన ఫేమస్ బొమ్మ 'ది హే వెయిన్'. 1821లో పూర్తయింది. కానీ వేసింది ఊళ్ళో కాదు, లండన్‌లో!

మరి ఎలా? ముందు, ఊరెళ్ళినప్పుడు అక్కడే కూర్చుని వేసుకున్న చిన్న స్కెచ్‌లు ఉన్నాయి. రెండో దశ వింటే ఆశ్చర్యపోతారు. అసలు బొమ్మ వెడల్పు 185 సెంటీమీటర్లు, అంటే ఆరడుగుల పైనే. రఫ్ కాపీ కూడా దాదాపు అంతే సైజు! గోధుమరంగు పూత మీద చెట్ల ముద్ద, ఆకాశం వెలుగు, నీళ్ళ మెరుపు గబగబా పరిచేశాడు. విడివిడి ఆకులు లేవు, చీకటివెలుగులే. ఇప్పుడు ఆర్టిస్టులు బ్లాక్-ఇన్ అనేది ఇలాంటి పనినే.

ఆ తర్వాతే ఇంకో కాన్వాస్ మీద అసలు బొమ్మ. వివరాలన్నీ అప్పుడే. బండి ఎలా ఉంటుందో సరిగ్గా తెలియాలని ఊళ్ళో ఉన్న తమ్ముడి ద్వారా డ్రాయింగ్ తెప్పించుకున్నాడు. రఫ్‌లో ఇవతలి ఒడ్డున ఒక గుర్రం ఉంది. అసలు బొమ్మలో అక్కడ పీపా పెట్టాడు. అదీ నచ్చలేదు, రంగు పూసి కప్పేశాడు.

ఇంత కష్టపడితే, 1821లో లండన్ రాయల్ అకాడమీ ప్రదర్శనలో అమ్ముడుపోలేదు. 1824లో పారిస్‌లో పెడితే బంగారు పతకం వచ్చింది! ఇప్పుడు అసలు బొమ్మ లండన్ నేషనల్ గ్యాలరీలో, రఫ్ కాపీ అదే ఊళ్ళో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. రఫ్ కాపీయే ఎక్కువ నచ్చేవాళ్ళూ ఉన్నారు.

అంత గొప్ప పెయింటర్‌కే తప్పు చేసి చూసుకోవడానికి ఆరడుగుల చోటు కావాల్సి వచ్చింది. మనం మొదటి కాగితం మీదే ఆకు దాకా వెళ్ళిపోవాలనుకుంటాం! ఫోన్‌లో ఆ రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి, ఒడ్డు దగ్గర జూమ్ చేయండి. గుర్రం ఉంటే బాగుండేదా, తీసేయడమే కరెక్టా? కామెంట్‌లో చెప్పండి. ఉంటాను!