‘రైతుబిడ్డ’ చిత్రము – జమీందారీ ధనము

సాహిత్యమునకును, అది పుట్టిన కాలమునాటి ధనోత్పత్తి విధానమునకును గల సంబంధమును విచారించుట మార్క్సీయ విమర్శకు ముఖ్యకార్యము. కావ్యములయెడ ఈ విమర్శ ప్రవర్తించినప్పుడు మన పండితులలో కొందఱు సమ్మతించిరి, కొందఱు నిరసించిరి. కాని లక్షలకొలది జనులు చూచు చలనచిత్రమును విచారణార్హమైన కృతిగా నెంచినవారు తక్కువ. ఎంచినవారిలోను పెక్కండ్రు ఒక సులభసూత్రముతో తృప్తిపడిరి. ఎవని ధనముచే కృతి వెలసెనో, ఆ కృతి వాని పక్షమునే పలుకునని ఆ సూత్రము. ఇది యెంతవఱకు నిలుచునో పరీక్షించుటకు 1939 లో వెలువడిన ‘రైతుబిడ్డ’ తగిన లక్ష్యము. ఆ చిత్రము జమీందారీ పద్ధతిని నిరసించినది. దానికి మూలధనము పెట్టినవాడు జమీందారు.

మూలగ్రంథకర్తలు సైతము ఆ సులభసూత్రమును చెప్పియుండలేదు. మార్క్సు, ఎంగెల్సులు 1845-46 లో వ్రాయగా 1932 లో గాని సమగ్రముగా అచ్చుపడని ‘జర్మన్ భావజాలము’ న, ఏ యుగమునందైనను పాలకవర్గపు భావములే ప్రబలములై యుండునని ప్రతిపాదింపబడినది. అది నిజమే. అయినను ఎంగెల్సు 1890 లో జోసెఫ్ బ్లాఖునకు వ్రాసిన లేఖలో, ఆర్థికకారణము తుదకు నిర్ణాయకమైనను అదియొక్కటే కారణమనుట పొసగదని హెచ్చరించెను. అంతకు రెండేండ్లకు పూర్వము మార్గరెట్ హార్క్‌నెస్ అను నవలారచయిత్రికి వ్రాయుచు బాల్జాకును ఉదాహరించెను. ఆ ఫ్రెంచి నవలాకారుడు రాజపక్షపాతి. అట్లయ్యును తాను ప్రేమించిన ప్రభువర్గము యొక్క పతనమును ఉన్నదున్నట్లు చిత్రించెనని ఆతని యభిప్రాయము. కావున కర్త యొక్క పక్షమొకటి, కృతి పలుకు పలుకు వేఱొకటి కావచ్చును.

కళాపోషణమునకు మన యుత్తరాంధ్రమున ప్రసిద్ధమైన దృష్టాంతములు గలవు. రామతీర్థమున శ్రీరామాలయమునకు విజయనగరపు పూసపాటివారు ధర్మకర్తలై యుండిరి. ఆ విజయనగరముననే 1892 లో ‘కన్యాశుల్కము’ ప్రదర్శింపబడినది. 1897 లో అచ్చుపడి ఆనంద గజపతి ప్రభువునకు అంకితమైనది. ఆలయమునందైనను, నాటకమునందైనను ప్రభువు కోరునది ధనలాభము కాదు, పుణ్యమో, కీర్తియో. గురజాడవారు సంఘదురాచారమును ఖండించిరి గాని, ఆ ఖండనము సంస్థానపు శిస్తును తాకలేదు. అంకితము పుచ్చుకొన్న ప్రభువునకు అందువలన నష్టమేమియు లేదు.

చలనచిత్రమున ఈ సంబంధము తలక్రిందులైనది. చల్లపల్లి జమీందారు యార్లగడ్డ శివరామప్రసాదుగారి ధనముతో నడచిన సారథి సంస్థ, గూడవల్లి రామబ్రహ్మముగారి దర్శకత్వమున 1938 లో ‘మాలపిల్ల’ ను, మరుసటియేట ‘రైతుబిడ్డ’ ను నిర్మించినది. ఇచ్చట జమీందారు కృతిభర్త కాడు, పెట్టుబడిదారుడు. ఆతని ధనము తిరిగి వచ్చుట రాజసభ మెప్పుచే గాక, టిక్కెట్టు కొనిన జనుల అణాలచే సాధ్యమగును. ఆ జనులలో అధికులు రైతులు. రైతు దుఃఖము విక్రయయోగ్యమైన వస్తువైనప్పుడు, మూలధనము తన యజమాని వర్గమును నిందించు చిత్రమును సైతము నిర్మించి విక్రయింపగలదు. పోషకుడు పెట్టుబడిదారుడుగా మారుటయే ఈ వైరుద్ధ్యమునకు కీలకము. దీనిని జమీందారుని యౌదార్యమనుటయు, కపటమనుటయు రెండును తొందరపాటే.

ఆ కాలమున రైతుపక్షమునకు ప్రేక్షకు లెట్లేర్పడిరో చూడవలెను. 1937-38 లో రైతు రక్షణ యాత్ర ఇచ్ఛాపురమున బయలుదేఱి చెన్నపురి చేరినది. 1937 ఎన్నికలలో, చెన్నరాజధానికి ముఖ్యమంత్రియైన బొబ్బిలి రాజా తన బొబ్బిలియందే వి. వి. గిరిగారిచే ఓడింపబడెను. ప్రకాశముగారి యధ్యక్షతన జమీందారీ విచారణసంఘము 1938 లో నివేదికను సమర్పించినది. చిత్రకథయును ఎన్నికల చుట్టే తిరుగును: చిన్నరైతు నరసిరెడ్డి జమీందారు పక్షమును కాదని రైతుపక్షమునకు ఓటు వేసి, అందులకై హింసలపాలగును. ఈ పాత్రను బళ్లారి రాఘవగారు ధరించిరి. గిడుగు రామమూర్తి పంతులుగారి కుమారుడు సీతాపతిగారును ఇందు నటించిరి. సంభాషణలు త్రిపురనేని గోపీచందువి. పాటలు వ్రాసినవారిలో కొసరాజు, తాపీ ధర్మారావుగార్లు గలరు. జమీందారులు అభ్యంతరపెట్టగా ప్రదర్శనము నిషేధమునకు గుఱియైనది. అనగా ఒక జమీందారుని మూలధనమునకు లాభకరమైనది, జమీందారీ వర్గమునకు ప్రమాదకరముగా తోచినది. వర్గమును ఏకశిలగా భావించువారు ఈ సంగతిని వివరింపజాలరు.

అయినచో మూలధనము ముద్ర ఈ చిత్రమున లేదా? కలదు, అది ఖండనమున గాక, నిర్వహణమున కానవచ్చుచున్నది. కష్టములన్నియు గడచిన పిమ్మట జమీందారు మనసు మారును, సామరస్య మేర్పడును. భూమి యెవరిదను ప్రశ్న ప్రభువు హృదయపరివర్తనమున కరగిపోవును. ఇదే కాలమున మన మండలమున జరిగిన నిర్వహణము వేఱు. 1940 మార్చిలో పలాసయందు అఖిల భారత కిసాన్ సభ సమావేశమైనది. ఆ మరుసటి నెలలోనే మందసా జమీనున గుడారి రాజమణిపురమున పోలీసు కాల్పులలో సాసుమాన గున్నమ్మ మరణించినది. అక్కడ ఎవరి హృదయమును పరివర్తనము చెందలేదు. చిత్రము ప్రశ్నను నిజాయితీగా వేసి, ఉత్తరమును ప్రభువు చేతికే విడిచినది.

ఈ నిర్ణయమునకు బలము చేకూర్చు తులనము కూడ గలదు. ఎస్టేట్ల రద్దు చట్టము 1948 లో వచ్చినది. 1955 లో ఆ సారథి సంస్థయే తాపీ ధర్మారావుగారి కుమారుడు చాణక్య దర్శకత్వమున ‘రోజులు మారాయి’ ని నిర్మించినది. పాటలకు కొసరాజుగారే మరల కలము పట్టిరి. ఇందు రైతులు కలసి బంజరును సాగుచేయుదురు. ప్రభువు దయకై వేచియుండరు. జమీందారీ చట్టరీత్యా అంతరించిన పిమ్మట రైతు విజయమును తెరపై చూపుట సుకరమైనది. కాని అప్పుడును దోషము పద్ధతినుండి ఒక దుష్టుడైన పెత్తందారుని యొడలికి మాఱినది. సొంత నేల లేని కూలికిని, కొండలపై పోడు కొట్టు గిరిజనునకును ఆ సాగులో వచ్చు భాగమేమో చిత్రము విచారింపలేదు. 1967 లో శ్రీకాకుళపు కొండలలో, లేవిడి కాల్పుల పిమ్మట, ఆ ప్రశ్న తెరకు వెలుపలనే ప్రజ్వరిల్లినది.

ఇట్టి విచారణము రసభంగకరమని ఆలంకారికులు శంకింపవచ్చును. శంక యుక్తమైనదే, శోకము కరుణరసముగా పరిణమించుటను లెక్కింపక, కృతిని పద్దుల పుస్తకమువలె చదువుట విమర్శ కానేరదు. కాని మన యాలంకారికులే నిర్వహణసంధిలో ఫలమెవరికి దక్కెనో విచారింపుమనిరి. ‘రైతుబిడ్డ’ లో కరుణము రైతుది, ఫలప్రదాత జమీందారు. ఈ భేదమును గుర్తించుట రసాస్వాదమునకు విరోధము కాదు. రాఘవగారి నటనచే కంట తడిపెట్టిన ప్రేక్షకుడు ఏ ఫలముతో ఇంటికి మరలెనో తెలిసికొనుటయే.

కావున చలనచిత్రమును విమర్శించువారు ధనమెవరిదని యడిగి యూరకుండరాదు. ఆ ధనము ఏ మార్గమున తిరిగి రావలసియున్నదో, కథలోని సంఘర్షణమును ఎవరు పరిష్కరించిరో, పరిష్కారమున ఎవరికి చోటు దొరకలేదో కూడ అడుగవలెను. మొదటి ప్రశ్నతో ఆగినచో ‘రైతుబిడ్డ’ జమీందారు చిత్రముగా తోచును. నిషేధమును మాత్రమే చూచినచో విప్లవచిత్రముగా తోచును. అన్నియు నడిగినప్పుడు అది 1939 నాటి ఆంధ్రరైతు ఎంత దూరము నడచెనో, ఎచ్చట ఆపబడెనో తెలుపు చరిత్రపత్రమగును. పాఠశాలలలో సాహిత్యచరిత్ర బోధించువారు నాటకముతో ఆగక ఇట్టి చిత్రములను కూడ పాఠ్యముగా గ్రహించుట మేలు.