వైద్యుని భాష, రోగి భాష: హైదరాబాదు వైద్యవిద్య నేర్పే పాఠం

వైద్యుడు రోగి నాడి పట్టుకోకముందే ఒక ప్రశ్న అడుగుతాడు. నొప్పి ఎక్కడ, ఎప్పటినుండి, ఎట్లా? ఆ ప్రశ్న రోగికి అర్థం కావాలి. రోగి ఇచ్చిన జవాబు వైద్యునికి అర్థం కావాలి. ఈ రెండూ జరగనప్పుడు, ఆ తరువాత ఎన్ని పరీక్షలు చేసినా చికిత్స చీకటిలో సాగినట్లే. నేటి ఆసుపత్రులలో యంత్రాలు పెరిగాయి. కాని ఈ తొలి సంభాషణలోని లోటు చాలాచోట్ల అట్లాగే ఉన్నది. ఇది నేటి సమస్యయే అయినా, దీని వెనుక ఒక చరిత్ర గలదు.

బగ్దాదులో

గ్రీకుల వైద్యం అరబ్బుల చేతికి వచ్చినప్పుడు మొదట ఎదురైనది భాషాసమస్యయే. దానిని పరిష్కరించినవారిలో అగ్రగణ్యుడు హునైన్ బిన్ ఇస్‌హాఖ్ (మరణం హిజ్రీ 260, క్రీ.శ. 873). ఈయన హీరా నగరానికి చెందిన క్రైస్తవుడు. గాలెన్ గ్రంథాల ప్రతులను అనేకచోట్ల వెదకి తెప్పించి, ఒకదానితో ఒకటి సరిపోల్చి, సిర్యానీ, అరబీ భాషలలోకి అనువదించాడు. విద్యార్థుల కోసం ప్రశ్నోత్తరాల రూపంలో ఒక వైద్యగ్రంథం కూడా రచించాడు.

ఆ పునాదిపై నిలిచినవాడు అబూ బక్ర్ రాజీ (మరణం హిజ్రీ 313, క్రీ.శ. 925). ఆయన తన రోగుల వృత్తాంతాలను వ్రాసిపెట్టుకొనేవాడు. వాటిలో ఒకటి ఇక్కడ స్మరించదగినది. ఒక రోగికి విడిచి విడిచి జ్వరం వచ్చేది. అది చలిజ్వరమా, మూత్రపిండంలో పుండా అని రాజీ సందేహించాడు. కొద్దికాలానికి మూత్రంలో చీము కనబడి సంగతి తేలిపోయింది. అప్పుడు రాజీ తన లోపాన్ని తానే వ్రాసుకున్నాడు: నిలబడినప్పుడు నడుము దగ్గర బరువు వ్రేలాడినట్లున్నదని రోగి చెప్పలేదు, తానూ ఆ సంగతి అడగలేదు. అంతటి వైద్యుడు అడగని ఒక్క ప్రశ్నను తన తప్పుగా నమోదు చేసుకోవడం వైద్యచరిత్రలో గొప్ప సంఘటన.

హైదరాబాదులో

దాదాపు వెయ్యి సంవత్సరాల తరువాత దక్కనులో ఇదే భాషాప్రశ్న మళ్ళీ తలెత్తింది. నాలుగవ నిజాం నాసిరుద్దౌలా అస్వస్థులైనప్పుడు బ్రిటిష్ రెసిడెన్సీ వైద్యుడు మాక్లీన్ చికిత్స చేశాడు. నిజాం కోలుకున్నారు. దాని ఫలితంగా 1846లో హైదరాబాదు వైద్య పాఠశాల ఏర్పడింది. అక్కడ బోధించినది పాశ్చాత్య వైద్యం; బోధనాభాష మాత్రం ఉర్దూ. కొత్త శాస్త్రాన్ని నేర్చుకోవాలంటే కొత్త భాషలోనే నేర్చుకోవాలన్న నియమం ఆనాడు లేదు.

1880ల దశకంలో పాఠశాల అధిపతిగా వచ్చిన ఎడ్వర్డ్ లారీ బోధనను ఆంగ్లంలోకి మార్చాడు. ఈ మార్పు వలన లాభం లేదనడం న్యాయం కాదు. క్లోరోఫాం మత్తులో రోగి మరణించేది గుండె ఆగినందువల్లనా, శ్వాస ఆగినందువల్లనా అన్న వివాదంపై 1888, 1889లలో హైదరాబాదులో రెండు సంఘాలు ప్రయోగాలు జరిపాయి. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ధనసహాయం చేశారు. లండనులోని లాన్సెట్ పత్రిక రెండవ సంఘానికి లాడర్ బ్రంటన్‌ను పంపింది. శ్వాసనే గమనించాలన్న లారీ సిద్ధాంతం తరువాతి పరిశోధనల ముందు పూర్తిగా నిలువలేదు. అయినా హైదరాబాదు పేరు ప్రపంచ వైద్యలోకానికి తెలిసింది.

1917లో తర్జుమా శాఖ, అనగా దారుల్ తర్జుమా, స్థాపించబడింది. మౌల్వీ అబ్దుల్ హఖ్ దాని తొలి అధ్యక్షులు. మరుసటి సంవత్సరం ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో ప్రారంభమైంది. అనువదించబడిన శాస్త్రాలలో వైద్యం కూడా ఉన్నది. ఉస్మానియా వైద్య కళాశాలలో బోధన తిరిగి ఉర్దూకు వచ్చింది. పారిభాషిక పదాలు ఎట్లా కల్పించాలన్నది అప్పటి పెద్ద చర్చ. అరబీ ధాతువులనుండి తీయాలని కొందరు వాదించారు. జనం మాట్లాడే ఉర్దూకు తనదైన పదనిర్మాణశక్తి ఉన్నదని, దానిని వాడుకోవాలని వహీదుద్దీన్ సలీం 1921లో తన ‘వజె ఇస్తిలాహాత్’లో వాదించారు. 1948లో హైదరాబాదు భారతదేశంలో విలీనమైన తరువాత బోధన మళ్ళీ ఆంగ్లానికి మారింది.

మరిపెడలో

ఈ చరిత్రను గర్వంగా చెప్పుకొనేవారు ఒక సత్యాన్ని దాటవేయరాదు. వరంగల్లు–ఖమ్మం రహదారిపైనున్న మరిపెడ వంటిచోట, చుట్టూ ఉన్నవి తెలుగు పల్లెలు, లంబాడీ తండాలు. ఉర్దూలో చదివిన వైద్యుడు పట్టణంలోని ఉర్దూ రోగికి దగ్గరయ్యాడు. తెలుగు రైతుకూ, తండాలోని స్త్రీకీ ఆ పాఠ్యపుస్తకం భాష పరాయిదే. ఆంగ్లం స్థానికుని మాటను పక్కకు నెట్టిందని ఫిర్యాదు చేసే హక్కు మనకున్నట్లే, ఉర్దూ రాజ్యంలో తెలుగు మాట పక్కకు జరిగిందని ఒప్పుకొనే బాధ్యత కూడా ఉన్నది.

విచిత్రమేమంటే ప్రజలు ఈ గోడను తమంతట తామే కొంత కూల్చుకున్నారు. తెలంగాణ రైతు ఆసుపత్రిని ‘దవాఖాన’ అంటాడు. ఊపిరాడకపోతే ‘దమ్ము వస్తున్నది’ అంటాడు. దవా, దమ్ అనేవి ఉర్దూ ద్వారా వచ్చి తెలుగు నోట స్థిరపడిన మాటలు. ఆ ‘దమ్ము’ ఉబ్బసం కావచ్చు, గుండె బలహీనత కావచ్చు, రక్తహీనత కావచ్చు. పడుకుంటే ఎక్కువవుతుందా, మెట్లెక్కితే వస్తుందా, కాళ్ళు వాస్తున్నాయా అని రోగి మాటలోనే అడిగినప్పుడు గాని దారి తెలియదు. ఇవి అడగకుండా పరీక్షలకు పంపితే రాజీ వ్రాసుకున్న లోపమే పునరావృతమవుతుంది. రాజీ దానిని వ్రాసిపెట్టాడు. నేడు వ్రాసేవారు అరుదు.

శస్త్రచికిత్సకు ముందు తీసుకొనే అంగీకారం విషయంలో ఇది ఇంకా తీవ్రమైనది. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పరీక్షకు మాత్రమే ఒప్పుకున్న స్త్రీ మత్తులో ఉండగా, తల్లి అనుమతితో ఆమె గర్భాశయం తొలగించబడింది. స్పృహలో నిర్ణయించుకోగల రోగి తరఫున మరొకరి అనుమతి చెల్లదనీ, తగినంత సమాచారం తెలిసి ఇచ్చినదే నిజమైన అంగీకారమనీ న్యాయస్థానం స్పష్టం చేసింది. అటువంటప్పుడు, తాను చదవలేని ఆంగ్ల కాగితంపై తండా స్త్రీ వేసిన వేలిముద్రను అంగీకారమని ఎట్లా అనగలం?

కొన్ని ప్రయత్నాలు ఆరంభమయ్యాయి. 2019నాటి కొత్త వైద్యవిద్యా ప్రణాళికలో రోగితో సంభాషణకూ, స్థానిక భాషకూ చోటు కల్పించారు. 2022లో మధ్యప్రదేశ్ ప్రభుత్వం మొదటి సంవత్సరం వైద్య పుస్తకాలను హిందీలో వెలువరించింది. అదే సంవత్సరం మహబూబాబాదులో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది; 2016నుండి మరిపెడ ఆ జిల్లాలోనిదే. అక్కడ చదివే విద్యార్థి శాస్త్రాన్ని ఆంగ్లంలో నేర్చుకుంటే నష్టమేమీ లేదు. ప్రపంచ పరిశోధనకు అది ద్వారం. కాని రోగి మంచం పక్కన కూర్చున్నప్పుడు అతడు అనువాదకుడు కూడా కావాలి. శాస్త్రం మాటను రోగి మాటలోకి, రోగి బాధను శాస్త్రం మాటలోకి మార్చగలగాలి. హునైన్ గ్రంథాల మధ్య చేసిన ఆ పని మరిపెడ దవాఖానలో ప్రతిదినం మనుషుల మధ్య జరగవలసి ఉన్నది.