మరువం, దాని చుట్టం రోజ్‌మేరీ

ఈమధ్య యూనివర్సిటీ హాస్టల్ పిల్లల దగ్గర్నుంచి తార్నాకలో మా ఇంటి దాకా అందరి దగ్గరా రోజ్‌మేరీ నీళ్ల సీసాలే. జుట్టుకి మంచిదట. "మందారం, గుంటగలగర ఉండగా ఆ పరాయి ఆకు ఎందుకే?" అని మా అత్తయ్యగారు మనవరాలిని అడిగారు. అప్పుడు ఆవిడ ముడిలో కనకాంబరాల మధ్య మరువం ఉంది.

నిజానికి మరువమూ పరాయిదే. దాని పుట్టిల్లు మధ్యధరా సముద్రపు తూర్పు కొస, సైప్రస్, దక్షిణ తుర్కియే వైపు. రోజ్‌మేరీదీ ఆ సముద్రతీరమే. రెండూ తులసి, పుదీనాల కుటుంబంలోవే. 1753లో లినేయస్ ఈ రెండింటికీ ఒకే గ్రంథంలో శాస్త్రీయ నామాలు పెట్టాడు. రోజ్‌మేరీ లాటిన్ పేరుకి 'సముద్రపు మంచుబిందువు' అని అర్థం చెబుతారు. 2017లో దాన్ని సాల్వియా ప్రజాతిలో కలిపారు.

తేడా అల్లా, మరువం ఎప్పుడో వచ్చింది. సంస్కృతంలో మరువకమై, తెలుగులో మరువమై, కదంబమాలలో చేరి దేవుడి మెడకీ పెళ్లికూతురి జడకీ ఎక్కింది. రోజ్‌మేరీ మనకింకా కొత్త. మన దేశంలో అది నీలగిరుల్లో పండుతోంది.

నీలగిరుల నుంచి తార్నాకకి వచ్చింది ఇంకొకటుంది. 1918లో కూనూరులో ఒక్క గదిలో బెరిబెరి జబ్బు మీద పరిశోధన మొదలైంది. అదే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదుకి మారి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అనిపించుకుంది. ఉస్మానియా విశ్వవిద్యాలయం పుట్టిందీ 1918లోనే. ఇప్పుడు ఆ రెండూ ఇరుగుపొరుగు. ఎన్.ఐ.ఎన్. ఎక్కడిదంటే తార్నాకదంటాం, కూనూరు మాట ఎవరెత్తుతారు?

యూరప్‌లో రోజ్‌మేరీ జ్ఞాపకానికి గుర్తు. 'హామ్లెట్' నాటకంలో ఒఫీలియా ఆ అర్థంతోనే దాన్ని పంచుతుంది. ఆస్ట్రేలియాలో ఏటా ఏప్రిల్ 25న, యుద్ధాల్లో పోయినవాళ్లని తలుచుకుంటూ ఆ రెమ్మని గుండెల దగ్గర పెట్టుకుంటారు. మన మాట చూడండి. సంస్కృతం నుంచి వచ్చిందే అయినా, తెలుగు చెవికి 'మరువం' అంటే 'మరిచిపోము' అనే వినిపిస్తుంది. అలాంటి పేరున్న మొక్క పుట్టిల్లునే మనం మరిచిపోయాం.

అందులో తప్పేమీ లేదు. కోడలిగా వచ్చిన మనిషిని కొన్నేళ్లకి ఆ ఊరి పేరుతోనే పిలుస్తారు. మొక్కలూ అంతే. మన నేలలో పుట్టినందుకు కాదు, తరతరాలుగా మన ఆడవాళ్లు తలలో పెట్టుకున్నందుకే మరువం మనదైంది.