దెరింజరు పిస్తోలు: ఒక ఆయుధానికి పాఠపరిష్కరణ

పాత ఆయుధాన్ని గుర్తించడం తాళపత్ర గ్రంథాన్ని పరిష్కరించడం వంటిదే. ఆశ్వాసాంత గద్యలో కర్త పేరున్నంత మాత్రాన గ్రంథం ఆయనదేనని నిశ్చయించరాదు. ప్రతిని ప్రతితో సరిపోల్చాలి. 1865 ఏప్రిల్ 14 రాత్రి వాషింగ్టన్‌లోని ఫోర్డ్స్ థియేటర్‌లో అబ్రహాం లింకన్‌ను జాన్ విల్క్స్ బూత్ కాల్చిన పిస్తోలు కథ ఇందుకు చక్కని తార్కాణం.

మొదట చూడవలసినది నిప్పు పుట్టే తీరు. పూర్వపు తుపాకులకు చెకుముకిరాయి ఉండేది. వాన తగిలితే అది మొరాయించేది. 1807లో స్కాట్లండు మతాచార్యుడు అలెగ్జాండర్ ఫోర్సైత్, దెబ్బ తగిలితే భగ్గుమనే రసాయనంతో మందును అంటించే పద్ధతికి పేటెంటు పొందాడు. ఆ రసాయనమే తరువాత చిన్న రాగి టోపీలోకి చేరింది. బూత్ పిస్తోలులో సుత్తి కొట్టేది ఆ టోపీనే.

రెండవది ప్రయోజనం. దీని పొడవు సుమారు 6 అంగుళాలు, గొట్టం మరీ పొట్టిది, ఒక్కటే గుండు. ఇది యుద్ధానికి పనికిరాదు. జేబులో దాచుకొని, అతి దగ్గరనుండి కాల్చడానికే పుట్టింది. రెండో గుండుకు అవకాశం లేదు గనుకనే ఇటువంటివాటిని తరచుగా జతలుగా అమ్మేవారు. బూత్ కూడా ఒక్కసారి కాల్చి, పిస్తోలును పడవేసి, మేజర్ రాత్‌బోన్‌ను కత్తితో గాయపరిచాడు.

మూడవది ముద్ర. దీని నిర్మాత ఫిలడెల్ఫియాకు చెందిన హెన్రీ దెరింజర్. ఆయన పేరు మోసే నకిలీలు ఎంతగా పెరిగాయంటే, తన ముద్ర కోసం ఆయన కాలిఫోర్నియాలో న్యాయస్థానానికెక్కి గెలిచాడు. ఆంగ్లంలో ఆయన ఇంటిపేరుకు ఒకే రేఫ. వాడుకలో అది ద్విత్వం పొంది, అరచేతిలో ఇమిడే ఏ పిస్తోలుకైనా పేరైపోయింది. సంజ్ఞావాచకం జాతివాచకమైందన్నమాట! కనుక ముద్ర ఒక్కటే ప్రమాణం కాజాలదు.

ఈ సందేహం చివరకు లింకన్ పిస్తోలునే చుట్టుకొంది. 1960లలో దొంగలు అసలుదాన్ని అపహరించి, మ్యూజియంలో నకలును ఉంచారని 1990లలో ఒక వాదం పుట్టింది. 1997లో ఎఫ్‌బీఐ నిపుణులు దానిని 1930ల నాటి ఛాయాచిత్రాలతో సరిపోల్చారు. కర్రలోని రేఖల సుడి, పిడిపైని దెబ్బలు, గొట్టంమీది గుంటలు పాత చిత్రాలలోని వాటితో ఏకీభవించాయి. మ్యూజియంలో ఉన్నది అసలుదేనని తేలింది.

ముద్రను ఎవరైనా కొట్టవచ్చు, ఆకృతిని ఎవరైనా అనుకరించవచ్చు. కాని కర్ర తన వయసుతో తెచ్చుకొన్న సుడిని, కాలం వేసిన గాయాన్ని పొల్లుపోకుండా దించడం ఎవరి తరం? లేఖక దోషాలను బట్టి ప్రతుల వంశాన్ని తేల్చే పండితులకు ఈ మర్మం తెలిసిందే. గుణం కర్తను పొగిడిస్తుంది. ప్రతిని పట్టి ఇచ్చేది దోషమే.