వాపు, బలుపు, పసివాళ్ళ కళ్ళ కింద నీరు

వాపును చూసి బలుపనుకున్నట్టు అనే మాటను మనం అప్పులతో నడిచే వ్యాపారం మీదో, గాలివాటపు గెలుపు మీదో వాడి వదిలేస్తాం. ఆ మాటకు అసలు చోటు ఒళ్ళు. అందులోనూ పసిపిల్లల ముఖం. పొద్దున నిద్ర లేచిన బిడ్డ కళ్ళ కింద చిన్న సంచుల్లా ఉబ్బి ఉంటే, తెలుగు ఇళ్ళలో పెద్దవాళ్ళు ‘ముఖానికి నీరొచ్చింది’ అంటారు, ‘నీరు పట్టింది’ అంటారు. ఉబ్బులో ఉన్నది కండ కాదు, నీరు అని ఆ మాటల్లోనే ఉంది. పిల్లల కళ్ళ కింది ఉబ్బు గురించి వైద్యం నేర్చుకున్న చరిత్రను వరుసగా చూస్తే నాకు ఒక సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. ఆ జబ్బులను ముందుగా పట్టుకోగలిగింది ఇంటి కన్నే. ఇల్లు పొరపాటు పడింది రెండు చోట్ల: ఆ నీటిని ఆరోగ్యమనుకున్నప్పుడు, పైన ఏదో రాస్తే పోతుందనుకున్నప్పుడు.

నీరు అక్కడే ఎందుకు కనబడుతుందో ముందు చెప్పుకోవాలి. ఒంటి మొత్తంలో కనురెప్పల చర్మం అంత పల్చనిది మరొకటి లేదు. దాని కింద కణజాలం బిగువుగా ఉండదు, దూదిలా వదులుగా ఉంటుంది. రాత్రంతా పడుకున్న పిల్లవాడి ఒంట్లో ఎక్కువైన నీరు ఆ వదులు చోటికి చేరుతుంది. లేచి తిరిగితే మధ్యాహ్నానికి కిందికి జారి కాళ్ళలోకి దిగుతుంది. అందుకే ఉదయం కళ్ళు, సాయంత్రం పాదాలు. మన పాత వైద్యం ఈ వాపును చిన్న విషయంగా తీసుకోలేదు. చరక సంహిత చికిత్సా స్థానంలో వాపు కోసమే ‘శ్వయథు’ అనే పేరుతో ఒక అధ్యాయం ఉంది. వాపు రోగికి ఉప్పు కూడదన్నది ఆ సంప్రదాయంలో గట్టి నియమం. తెలుగు ఇళ్ళలో అది చప్పిడి పత్యంగా మిగిలింది. వాపులకు వాడిన అటికమామిడికి సంస్కృతంలో పునర్నవ అని పేరు. ఎండల్లో ఎండిపోయి, వాన పడగానే మళ్ళీ చిగురించే మొక్క అది. నేటి డాక్టరు కూడా ఒంట్లో నీరు చేరిన బిడ్డకు ముందు తగ్గించమనేది ఉప్పునే. నీరు ఒంట్లో ఎందుకు నిలిచిపోతోందన్న ప్రశ్నకు మాత్రం ఆనాడు జవాబు దొరకలేదు.

జవాబు దొరికిన తీరులో వంటింటి వాసన ఉంది. ఒళ్ళంతా ఉబ్బే పిల్లల జబ్బు గురించి స్విట్జర్లాండులోని బాసెల్‌లో థియోడోర్ స్వింగర్ 1722లోనే రాశాడు. ఇటలీ వైద్యుడు కొటున్యో 1764లో ఒళ్ళు ఉబ్బిన ఒక సైనికుడి మూత్రాన్ని కాచి చూస్తే అది గడ్డకట్టింది. 1827లో లండన్ గైస్ ఆసుపత్రిలో పనిచేసే రిచర్డ్ బ్రైట్ తన రోగుల వివరాలను పుస్తకంగా వేశాడు. ఆయన పరీక్షకు పెద్ద సరంజామా అక్కర్లేదు. ఒక చెంచా, ఒక కొవ్వొత్తి. చెంచాలో మూత్రం పోసి మంట మీద పట్టుకుంటే, మామూలుగా తేటగా ఉండాల్సినది మసకబారుతుంది, ఆపైన ఉడికిన గుడ్డు తెల్లసొనలా తెల్లగా విరుగుతుంది. రక్తంలో ఉండవలసిన ఆల్బుమిన్ అనే మాంసకృత్తి మూత్రపిండాల జల్లెడ దాటి బయటికి పోతోందని దాని అర్థం. రక్తనాళాల్లో నీటిని పట్టి ఉంచే పదార్థాల్లో ఆల్బుమిన్ ముఖ్యమైనది. అది తగ్గితే నీరు కణజాలంలోకి ఊరుతుంది, మూత్రపిండాలు ఉప్పునూ నీటినీ ఇంకా బిగబట్టుకుంటాయి. మొదట తెలిసేది కళ్ళ కిందే. బ్రైట్ పేరుతో ఈ జబ్బుల గుంపును చాలా కాలం పిలిచారు.

కారణం తెలిసినంత మాత్రాన పిల్లలు బతకలేదు. సల్ఫా మందులు, పెన్సిలిన్ రాకముందు ఈ జబ్బు పడిన పిల్లల్లో ఎక్కువమంది కొన్నేళ్ళలోపే, ముఖ్యంగా ఇన్ఫెక్షన్లతో, చనిపోయేవారు. 1950 ప్రాంతంలో స్టెరాయిడ్లు వాడకంలోకి వచ్చాక కథ మారింది. ఆల్బుమిన్ మూత్రంలో పోయి ఒళ్ళు ఉబ్బే ఈ స్థితికి నేటి పేరు నెఫ్రోటిక్ సిండ్రోమ్. పిల్లల్లో ఎక్కువగా కనిపించే రకం చాలావరకు ఆ మందుకు లొంగుతుంది. లొంగినా మళ్ళీ మళ్ళీ తిరగబెడుతుంది కాబట్టి కాపలా పని తిరిగి ఇంటికే వచ్చింది. పొద్దున బిడ్డ మొదటి మూత్రంలో పరీక్ష పట్టీ ముంచి రంగు చూడటం, లేదా గాజు గొట్టంలో కొన్ని చుక్కల సల్ఫోసాలిసిలిక్ ఆమ్లం వేసి పాలలా తెల్లబడుతుందేమో చూడటం, ఆ ఫలితాన్ని తేదీ వేసి నోటుపుస్తకంలో రాయడం తల్లిదండ్రులకు నేర్పుతారు. బ్రైట్ చెంచాకు ఇది నేటి రూపం. డాక్టరు చీటీ రాస్తాడు గానీ, జబ్బు తిరిగి వస్తోందని మొదట కనిపెట్టేది ఆ నోటుపుస్తకమే.

వాపును బలుపనుకోవడం అక్షరాలా నిజమైన జబ్బు ఇంకొకటుంది. అది ఆకలి. జమైకాలో పుట్టిన వైద్యురాలు సిసిలీ విలియమ్స్ నేటి ఘనాలో పనిచేస్తూ, మొక్కజొన్న జావ మీదే బతికే పిల్లల్లో ఒళ్ళు ఉబ్బి, చర్మం పొరలుగా లేచే జబ్బును 1933లో వర్ణించింది. 1935లో దానికి అక్కడి గా భాష మాటనే పేరుగా తీసుకుంది: క్వాషియోర్కర్. వెనక ఇంకో బిడ్డ పుట్టగానే తల్లిపాలు తప్పిన పెద్దబిడ్డకు వచ్చే జబ్బు అని దాని భావం. అంటే అక్కడి తల్లులు కారణంతో సహా దాన్ని ముందే గుర్తించారు. ఈ కథలో మన వంతు కూడా ఉంది. కూనూరులోని పోషకాహార ప్రయోగశాల 1958లో హైదరాబాదుకు తరలింది, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. అక్కడ సి. గోపాలన్, ఉబ్బిన పిల్లల తిండికీ ఎండిపోయిన పిల్లల తిండికీ చెప్పుకోదగ్గ తేడా లేదని చూపాడు. ఉబ్బుకు కారణం మాంసకృత్తుల కొరత ఒక్కటే కాదు, మొత్తం తిండే చాలడం లేదన్నది ఆయన వాదన. ఈ ఉబ్బు తూకాన్ని సైతం మోసం చేస్తుంది. వైద్యం మొదలై నీరు తీస్తున్న కొద్దీ బిడ్డ బరువు తగ్గుతుంది, అప్పుడు గానీ కింద ఎముకలు కనిపించవు. బొద్దుగా ఉన్నాడని మురిసిన బుగ్గల్లో ఉన్నది నీరేనని అప్పుడు తెలుస్తుంది. అందుకే పోషణ లోపాన్ని చూసేటప్పుడు తూకంతో సరిపెట్టుకోరు. రెండు పాదాల మీదా బొటనవేలితో మూడు సెకన్లు నొక్కి గుంట పడుతుందా అని చూస్తారు.

ఇంత చెప్పాక న్యాయమైన అభ్యంతరం ఒకటి వస్తుంది. కళ్ళ కింద ఉబ్బిన పిల్లలందరికీ మూత్రపిండాల జబ్బు ఉండదు కదా? నిజమే. ఎక్కువమందికి కారణాలు మామూలువే. జలుబు, ముక్కు దిబ్బడ, దుమ్ముకీ పొగకీ అలర్జీ, కళ్ళు నలపడం, ఏడుపు, నిద్ర చాలకపోవడం, కొందరికి తల్లిదండ్రుల నుంచి వచ్చిన ముఖ కవళిక. వాటికి ఇంట్లో చేయవలసిందీ కొంచెమే: శుభ్రమైన గుడ్డను చల్లటి నీళ్ళలో తడిపి పిండి కొన్ని నిమిషాలు మూసిన రెప్పల మీద ఉంచడం, కళ్ళు నలపనివ్వకపోవడం, పక్క దుప్పట్లూ గలీబులూ వేడినీళ్ళలో ఉతకడం, బిడ్డ పడుకునే గదిలో బీడీ, సిగరెట్, అగరుబత్తి పొగ లేకుండా చూడటం, చిప్సు పొట్లాలు తగ్గించి వేళకు పడుకోబెట్టడం. అయితే ఈ అభ్యంతరమే ప్రమాదం కూడా. నెఫ్రోటిక్ పిల్లల్లో కొందరికి మొదట అలర్జీ అనుకుని మందులు వాడటం వైద్యులకు బాగా తెలిసిన సంగతి. తేడా చెప్పేవి తోడుగా వచ్చే లక్షణాలు, కాలం. అలర్జీ ఉబ్బుతో పాటు దురద, తుమ్ములు, కళ్ళ ఎరుపు ఉంటాయి. నీటి ఉబ్బు దురద లేకుండా, వరసగా ప్రతి ఉదయం వచ్చి, పాదాలకూ పొట్టకూ దిగుతుంది.

రెండో అభ్యంతరం ఆచారం వైపు నుంచి వస్తుంది. దిష్టి తీశాం, కాటుక పెట్టాం, పసరు రాశాం, తగ్గింది కదా అంటారు. తగ్గిన మాట అబద్ధం కాదు. మధ్యాహ్నానికి ఉబ్బు ఎలాగూ కిందికి జారుతుంది, జలుబు ఉబ్బు నాలుగు రోజుల్లో దానంతటదే పోతుంది. ఆ తగ్గడాన్ని రాసిన పసరు ఖాతాలో వేశాం. దిష్టి తీయడం వల్ల బిడ్డకు హాని లేదు. బజారు కాటుకల్లో, సుర్మాల్లో సీసం ఉంటే ఉంది, కంట్లో పిండిన పసరు వల్ల కూడా ఉంది. ఇక్కడ పాత ఇళ్ళను నిందించడం నా ఉద్దేశం కాదు. వాళ్ళు వాపును సరిగ్గా చూశారు, ఉప్పు సరిగ్గానే మానిపించారు. మూత్రాన్ని కాచి చూసే అవకాశమే వాళ్ళకు లేదు, మనకు ఉంది.

మన ఊళ్ళకు సంబంధించి ఇంకొక్క మాట. గొంతు నొప్పి తగ్గాక ఒకటి రెండు వారాలకో, గజ్జి, చీము పుండ్లు తగ్గాక మూడు వారాలకో కొందరు పిల్లల ముఖం ఉబ్బుతుంది, మూత్రం టీ డికాషన్ రంగుకు మారుతుంది. గొంతునో చర్మాన్నో పట్టిన సూక్ష్మక్రిమి మీద ఒళ్ళు చేసిన యుద్ధం మూత్రపిండాలకు తగలడం దీనికి కారణం. స్కార్లెట్ జ్వరం తర్వాత ఒళ్ళు ఉబ్బడాన్ని లండన్‌లో విలియం చార్లెస్ వెల్స్ 1812లోనే పరిశీలించాడు. ఈ పిల్లలకు రక్తపోటు పెరిగి మూర్ఛలు రావచ్చు, కాబట్టి రేపు చూద్దామనడానికి వీల్లేదు. బిడ్డ కళ్ళ కింద ఉబ్బు రెండు మూడు రోజులు వరసగా కనిపించినా, పాదం మీద వేలు నొక్కితే గుంట పడినా, మూత్రం తగ్గినా, నురగ కట్టినా, రంగు మారినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఒక కన్నే ఎర్రగా వాచి జ్వరం ఉన్నా అంతే, అది మరో రకం అత్యవసరం. అక్కడ మూత్రపరీక్ష చేయమని మీరే అడగండి. దానికి పట్టేది కొన్ని నిమిషాలే.