సమయ నిర్వహణ సాఫ్టువేరు

సమయ నిర్వహణ సాఫ్టువేరు అనగా చేయవలసిన పనులను నమోదు చేసుకొని, వాటికి తేదీ, వేళ, ప్రాధాన్యం నిర్ణయించుకొని, గడువుకు ముందుగా గుర్తు చేయించుకొనుటకు ఉపయోగపడే కంప్యూటరు, మొబైలు ఫోను ప్రోగ్రాముల సమూహము. కేలండర్లు, పనుల జాబితాలు, అలారాలు, ఏ పనికి ఎంత సేపు పట్టినదో లెక్కించే ప్రోగ్రాములు ఈ కోవకు చెందినవి. ఇవి రోజుకున్న 24 గంటలను పెంచలేవు. ఆ గంటలలో ఇతరులు నిర్ణయించిన వేళలు ఎన్ని, తన చేతిలో మిగిలినవి ఎన్ని అనే సంగతిని స్పష్టంగా చూపుట వీటి ముఖ్య ప్రయోజనము. కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాలలో పన్ను గడువు, రైలు వేళ, పంపుసెట్టుకు కరెంటు వచ్చే వేళ, పంచాంగం వంటివి ఒకే కుటుంబపు దినచర్యను నడిపించడం సాధారణము. అందువలన ఈ సాఫ్టువేరు బలము, బలహీనత రెండింటినీ అక్కడి ఉదాహరణలతో గ్రహించవచ్చు.

చరిత్ర

గడియారాలు రాకముందు తెలుగువారు రోజును 60 ఘడియలుగా, 8 జాములుగా విభజించేవారు. ఒక ఘడియ 24 నిమిషాలు, ఒక జాము 3 గంటలు. పంచాంగం, వ్యాపారుల చిట్టా ఆవర్జాలు, గోడ కేలండరు కంప్యూటరుకు పూర్వపు సమయ నిర్వహణ పరికరాలు. నేటికీ చాలా ఇళ్ళలో పాలలెక్క, గ్యాసు బండ తెచ్చిన తేదీ, చీటీ కట్టవలసిన తేదీ గోడ కేలండరు మీదనే వ్రాస్తారు.

1996లో విడుదలైన పామ్ పైలట్ అనే చేతి కంప్యూటరు దినచర్యను జేబులోనికి తెచ్చినది. 1997లో వచ్చిన మైక్రోసాఫ్ట్ ఔట్‌లుక్ ఉత్తరాలను, కేలండరును, పనుల జాబితాను ఒకే చోట చేర్చినది. 1998లో ఐకేలండర్ అనే ప్రమాణము ఏర్పడినందున ఒక ప్రోగ్రాములో వ్రాసిన కార్యక్రమాన్ని మరొక ప్రోగ్రాము చదువుట సాధ్యమైనది. 2006లో గూగుల్ కేలండరు ప్రజలకు అందుబాటులోనికి వచ్చినది. స్మార్టుఫోన్లు వ్యాపించిన తరువాత ఈ సౌకర్యాలు ప్రత్యేకంగా కొనవలసిన అవసరం లేకుండా ఫోనుతో పాటే లభిస్తున్నాయి.

రకాలు

* కేలండర్లు: నిర్ణీత వేళకు జరిగే పనుల కొరకు. వైద్యుని వద్దకు వెళ్ళుట, పరీక్ష, రైలు ప్రయాణం ఇందుకు ఉదాహరణలు.
* పనుల జాబితాలు: వేళ నిర్ణయం కాని, కాని మరువరాని పనుల కొరకు. టుడూయిస్ట్, మైక్రోసాఫ్ట్ టు డూ, గూగుల్ టాస్క్స్ ఈ రకానికి చెందినవి.
* నోట్సు పుస్తకాలు: ఆలోచనలు, కొలతలు, ఫోటోలు దాచుకొనుటకు. ఎవర్‌నోట్, గూగుల్ కీప్ ఇట్టివి.
* జట్టు పనుల పలకలు: పలువురు కలిసి చేసే పని ఏ దశలో ఉన్నదో చూపుటకు. 2011లో వచ్చిన ట్రెల్లో ప్రసిద్ధము.
* సమయ గణన ప్రోగ్రాములు: ఫోను లేదా కంప్యూటరు మీద ఏ పనికి ఎంత కాలం వెచ్చించినదీ లెక్కించుటకు. 2018 నుండి ఆండ్రాయిడ్, ఐఫోన్‌లు రెండింటిలోను ఈ లెక్క చూపే సౌకర్యాలు ఉన్నాయి.

ముఖ్య పద్ధతులు

సాఫ్టువేరు ఒక పరికరం మాత్రమే. దానిని వాడే పద్ధతులు కొన్ని ప్రచారంలో ఉన్నాయి. 1980ల చివరలో ఇటలీకి చెందిన ఫ్రాన్సెస్కో సిరిల్లో రూపొందించిన పొమొడోరో పద్ధతిలో 25 నిమిషాలు ఏకాగ్రతతో పనిచేసి, 5 నిమిషాలు విరామం తీసుకొంటారు. ఇది మన ఘడియకు ఒక్క నిమిషం మాత్రమే ఎక్కువ. అమెరికా రచయిత డేవిడ్ అలెన్ 2001లో ప్రచురించిన పద్ధతిలో మనసులోని పనులన్నిటినీ ముందు ఒక చోట వ్రాసి, ఒక్కొక్క దానికి వెంటనే చేయదగిన తరువాతి మెట్టును నిర్ణయిస్తారు. అత్యవసరము, ముఖ్యము అనే రెండు కొలతలతో పనులను నాలుగు గదులుగా విభజించుట మరొక పద్ధతి.

పనికి పట్టే కాలాన్ని మనుషులు సాధారణంగా తక్కువగా అంచనా వేస్తారని డేనియల్ కానెమన్, అమోస్ ట్వెర్‌స్కీ అను మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లో పేర్కొన్నారు. గతంలో అదే పనికి నిజంగా ఎంత సేపు పట్టినదో వ్రాసి ఉంచుకొన్నవారు ఈ పొరపాటును కొంతవరకు సరిదిద్దుకోగలరు. సమయ గణన ప్రోగ్రాముల అసలు ఉపయోగం ఇదే.

కడప జిల్లాలో వినియోగం

స్థానిక కాలము, పంచాంగము

భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశము కాకినాడ సమీపము నుండి పోతుంది. ప్రొద్దుటూరు సుమారు 78.55 డిగ్రీల వద్ద ఉన్నందున అక్కడి సూర్యుని కాలము గడియారము కంటే దాదాపు 16 నిమిషాలు వెనుక ఉంటుంది. పులివెందులలో ఈ తేడా 17 నిమిషాలు. రాహుకాలము, దుర్ముహూర్తము వంటివి స్థానిక సూర్యోదయము మీద ఆధారపడి ఉంటాయి. సోమవారం రాహుకాలం ఉదయం 7.30 నుండి 9 గంటల వరకు అని గోడ కేలండర్లలో ఉండే లెక్క, సూర్యుడు సరిగా 6 గంటలకు ఉదయించి 6 గంటలకు అస్తమిస్తాడనే భావనతో వేసినది. కనుక పంచాంగ సాఫ్టువేరులో మొదట ఊరి పేరును సరిగా ఎంచుకొనుట ముఖ్యము.

తిథులతో మరొక చిక్కు ఉన్నది. ప్రతి సంవత్సరం అదే తేదీన గుర్తు చేయమని సాధారణ కేలండరుకు చెప్పవచ్చును గాని, ప్రతి సంవత్సరం అదే తిథిన గుర్తు చేయమని చెప్పుటకు చాలా వాటిలో వీలు లేదు. చాంద్రమాన సంవత్సరం సుమారు 354 రోజులే గనుక పండుగలు ఏటా దాదాపు 11 రోజులు ముందుకు జరిగి, అధిక మాసం వచ్చినప్పుడు మరల వెనుకకు వస్తాయి. ఇంట్లో జరుపుకొనే ఆబ్దికముల తేదీలను ఉగాదికి క్రొత్త పంచాంగం చూచి మరల నమోదు చేసుకొనవలసి ఉంటుంది.

ప్రొద్దుటూరు: వ్యాపారము

ప్రొద్దుటూరు బంగారు నగల వ్యాపారానికి, వస్త్ర వ్యాపారానికి పేరు పొందిన పట్టణము. ఇక్కడి దసరా ఉత్సవాలు కూడా ప్రసిద్ధమైనవి. వ్యాపారులకు గడువులు తప్పితే నేరుగా డబ్బు నష్టం. 2017 జూలై 1న వస్తు సేవల పన్ను అమలులోనికి వచ్చిన తరువాత, నెలవారీ లెక్కలు సమర్పించేవారు అమ్మకాల వివరాలను తరువాతి నెల 11వ తేదీ లోపున, పన్ను చెల్లింపు పత్రాన్ని 20వ తేదీ లోపున దాఖలు చేయవలసి ఉన్నది. చెల్లింపు పత్రము ఆలస్యమైతే సాధారణంగా రోజుకు 50 రూపాయలు, చెల్లించవలసిన పన్ను లేనప్పుడు 20 రూపాయలు రుసుము పడుతుంది. బాకీపడిన పన్ను మీద వడ్డీ అదనము.

ఇందుకు కేలండరులో 20వ తేదీని మాత్రమే గుర్తు పెట్టుకొనుట చాలదు. పని వెనుక నుండి ముందుకు లెక్కించవలెను. 20న దాఖలు కావలెనంటే 16కు బిల్లులు సరిచూడవలెను. 12 లోపున సరుకు పంపినవారి నుండి రావలసిన బిల్లులు రావలెను. ఈ మూడింటికీ ప్రతి నెలా తిరిగి వచ్చేటట్లు మూడు వేర్వేరు గుర్తులు పెట్టుకొన్నచో చివరి రోజు వెబ్‌సైటు నెమ్మదించినా ఇబ్బంది ఉండదు. పండుగ, పెళ్ళిళ్ళ కాలములో అంగట్లో తీరిక ఉండదు గనుక ఆ నెలలలో గుర్తులను మరికొన్ని రోజులు ముందుకు జరుపుకొనుట మంచిది.

పులివెందుల: వ్యవసాయము

పులివెందుల ప్రాంతము అరటి, చీనీ తోటలకు ప్రసిద్ధము. ఇక్కడి సేద్యంలో ఎక్కువ భాగం బోరుబావుల మీద, బిందు సేద్యం మీద ఆధారపడినది. రాష్ట్రంలో 2003లో సూక్ష్మ సేద్య పథకం, 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు మొదలైనాయి. అయితే కరెంటు వేళలను నిర్ణయించేది విద్యుత్తు పంపిణీ సంస్థ. పూర్వం సరఫరాలో కొంత భాగం రాత్రి వేళ ఉండేది. దానిని అందుకొనుటకు చీకటిలో తోటకు వెళ్ళి పాముకాటుకు, విద్యుదాఘాతానికి గురైన రైతుల వార్తలు రాయలసీమలో అరుదు కాదు. పగటి వేళ 9 గంటల సరఫరా 2019 తరువాత ప్రభుత్వ విధానమైనది.

ఈ సమస్యకు పుట్టిన పరికరమే మొబైల్ స్టార్టరు. పంపుసెట్టు వద్ద ఒక సిమ్ కార్డు గల పెట్టెను అమర్చితే, మూడు ఫేజుల కరెంటు వచ్చినదీ పోయినదీ రైతు ఫోనుకు తెలుపుతుంది. ఇంటి నుండే మోటారును వేయవచ్చు, ఆపవచ్చు. కరెంటు రాగానే తనంతట తాను మోటారు వేసే ఆటో స్టార్టర్లు అంతకు ముందు నుండి ఉన్నాయి. కాని ఒకే ట్రాన్స్‌ఫార్మరు క్రింద మోటార్లన్నీ ఒకే క్షణంలో తిరిగినచో దాని మీద భారం పెరిగి అది కాలిపోయే ప్రమాదమున్నది. కొన్ని నిమిషాల ఆలస్యము ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా పెట్టుకొనుట అందరికీ మేలు. ఇక్కడ సమయ నిర్వహణ వ్యక్తిగత విషయంగా మిగలక, ఇరుగు పొరుగు రైతుల ఒప్పందము అవుతుంది.

తోటలో మూడు గేటు వాల్వులు ఉండి, 9 గంటల కరెంటు ఉన్నచో ఒక్కొక్క భాగానికి 3 గంటలు. కరెంటు మధ్యలో 2 గంటలు పోయినచో ఏ భాగానికి నీరు తక్కువైనదో వ్రాసి ఉంచుకొన్నవారు మరుసటి రోజు ఆ భాగము నుండి మొదలు పెట్టగలరు. ఎరువులు వేయుట, గెలలకు కర్రలు కట్టుట వంటి అరటి తోట పనులను నాటిన తేదీ నుండి ఇన్ని రోజులకు అని కేలండరులో ఒకేసారి నమోదు చేసుకొనవచ్చును.

జమ్మలమడుగు: ప్రయాణము, ప్రభుత్వ సేవలు

యర్రగుంట్ల, నంద్యాల మధ్య ప్రొద్దుటూరు, జమ్మలమడుగు మీదుగా పోయే రైలు మార్గము 2016లో ప్రారంభమైనది. రైలు టికెట్లలో గడియారం ప్రాముఖ్యం స్పష్టంగా కనబడుతుంది. 2024 నవంబరు 1 నుండి సాధారణ రిజర్వేషను ప్రయాణానికి 60 రోజుల ముందు మొదలవుతున్నది. తత్కాల్ టికెట్లు ముందు రోజున ఏసీ తరగతులకు ఉదయం 10 గంటలకు, మిగిలిన తరగతులకు 11 గంటలకు మొదలవుతాయి. గుర్తును సరిగా 10 గంటలకు కాక 15 నిమిషాల ముందు పెట్టుకొని, ప్రయాణికుల వివరాలు సిద్ధం చేసుకొనవలెను.

ప్రభుత్వ కార్యాలయాలలో 2011లో వచ్చిన మీసేవ, 2019 అక్టోబరు 2న ప్రారంభమైన గ్రామ, వార్డు సచివాలయాలు, 2025 జనవరిలో ప్రారంభమైన మన మిత్ర వాట్సాప్ సేవ దరఖాస్తుదారుల తిరుగుడును కొంత తగ్గించాయి. దరఖాస్తు సంఖ్యను, సేవకు చెప్పిన గడువును ఫోనులో నమోదు చేసుకొన్నవారు ఆ తేదీ దాటిన వెంటనే అడుగగలరు.

విద్యార్థులు

పులివెందుల నియోజకవర్గంలోని ఇడుపులపాయలో 2008లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయపు ఆర్.కె. వ్యాలీ ప్రాంగణం ఏర్పడినది. పదవ తరగతి పూర్తి చేసిన గ్రామీణ విద్యార్థులకు ఇక్కడ ఆరేళ్ళ చదువు ఉంటుంది. ల్యాప్‌టాపులు ఇచ్చి, వాటి ద్వారా పాఠాలు బోధించుట దీని ప్రత్యేకత. పాఠమూ వినోదమూ ఒకే తెర మీద ఉన్నప్పుడు కాలపు లెక్క కష్టమవుతుంది. అటువంటి చోట పాఠం వేళ నోటిఫికేషన్లను ఆపుట, పరీక్ష తేదీ నుండి వెనుకకు పాఠ్యాంశాలను పంచుకొనుట, ఫోనును చదువు గదికి బయట ఉంచుట ఉపయోగకరమైన పద్ధతులు.

తెలుగులో వాడకం

తెలుగు లిపి 1991లోనే యూనికోడ్‌లో చేరినది. విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటుతో తెలుగు వ్రాయుట సాధ్యమైనది. నేడు కేలండరులోను, పనుల జాబితాలోను తెలుగులో వ్రాయవచ్చు. టైపు చేయుట రానివారు గొంతుతో చెప్పి వ్రాయించవచ్చు. అయితే ఎల్లుండి, అమావాస్య తరువాత, సంత నాడు వంటి మాటలను తేదీలుగా మార్చుకొనుటలో అనేక ప్రోగ్రాములు తడబడుతున్నాయి. గుర్తు పెట్టిన తరువాత తేదీని ఒకసారి సరిచూచుకొనుట అవసరము.

పరిమితులు, విమర్శలు

* జాబితా వ్రాయుటయే పనిగా మారే ప్రమాదమున్నది. రోజుకు మూడు ముఖ్యమైన పనుల కంటే ఎక్కువ పెట్టుకొనరాదని పలువురు సూచిస్తారు.
* సమయం చూచుటకు ఫోను తీసి, వచ్చిన సందేశాలలో మునిగిపోవుట సాధారణము. ఇందుకు చేతి గడియారమే మేలైన పరికరము.
* సేవలు మూతపడవచ్చును. ఎందరో వాడిన వుండర్‌లిస్ట్ 2020 మే నెలలో నిలిచిపోయినది. ముఖ్యమైన గడువులను కాగితం మీద కూడా వ్రాసి ఉంచుకొనవలెను.
* యజమానులు ఉద్యోగుల ప్రతి నిమిషాన్ని గమనించుటకు ఇదే సాఫ్టువేరును వాడుట విమర్శలకు గురైనది.
* ఇంటి పని ఈ లెక్కలలోనికి రాదు. జాతీయ గణాంక కార్యాలయము 2024లో జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటి పనులు చేసే మహిళలు రోజుకు 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు వాటికి వెచ్చిస్తున్నారు. భర్త ఫోనులో ఖాళీగా కనబడే సాయంత్రము, భార్య చేసే వంట, పిల్లల చదువు, పశువుల మేత వలన ఏర్పడిన ఖాళీ కావచ్చును. కుటుంబంలోని అందరి పనులను ఒకే ఉమ్మడి కేలండరులో వ్రాసినచో ఈ సంగతి బయటపడుతుంది. పనిని పంచుకొనుట మాత్రం ఇంటివారి నిర్ణయము.

ఇవి కూడా చూడండి

* పంచాంగం
* భారత ప్రామాణిక కాలమానం
* ప్రొద్దుటూరు
* జమ్మలమడుగు
* పులివెందుల
* బిందు సేద్యం